చేతితొడుగులు విప్పక ముందే

నూనె కిందికే కారుతుంది. ఈ సత్యాన్ని ఏ వేదాంతీ ఖండించలేదు, ఏ పార్లమెంటూ సవరించలేదు, కాంటర్‌బరీ మహామతాచార్యులు స్వయంగా మోకరిల్లి వేడుకున్నా అది పైకి ఎగబాకదు. ఇంతటి నిర్వివాదమైన సత్యం చేతిలో ఉండగా మనుషులు ఒకరినొకరు చంపుకోవలసిన అగత్యం ఏమిటని అమాయకులు అడగవచ్చు. ఇన్‌స్పెక్టర్ క్లెమెంట్ ఓట్‌వే అమాయకుడు కాడు. ఆయన సోమవారం ఉదయం లండన్ రైలు దిగి నెదర్‌కోట్ హాలుకు చేరేసరికి, ఆ సత్యం అప్పటికే ఒక జమీందారు ఛాతీని అప్పడం చేసి, ఒక మెకానిక్కు మెడకు తాడు పేనడం మొదలుపెట్టింది.

ఛాతీ సర్ ఆబరన్ త్రిప్‌ది. ఆ బిరుదు మోసినవాళ్ళలో ఆయన ఏడవవాడు, ఊరి అభిప్రాయంలో ఆఖరివాడైనా నష్టంలేనివాడు. ఆదివారం మధ్యాహ్నం ఆయన తన హాల్‌బర్డ్ కారు కింద వెల్లకిలా దొరికాడు. మోకాళ్ళూ పాదాలూ ఎడమ ముందు చక్రం పక్కన బయటికి ఉన్నాయి. తక్కినదంతా లోపల ఉంది. ముందు ఇరుసును ఎత్తి పట్టవలసిన జాకీ పక్కకు ఒరిగి పడుకుంది. ఆ కారు పుట్టి ఇరవయ్యేళ్ళయింది. రెండే సీట్లు, వేటకుక్క ముక్కులా పొడుగాటి బానెట్, పొట్టకూ నేలకూ మధ్య జానెడు కూడా లేని పందెపు వాటం. దాని ఇంజను చప్పుడు చర్చి గంటకన్నా దూరం వినిపిస్తుందని ఊరివాళ్ళు గర్వంగానూ, పాదిరిగారు విచారంగానూ చెప్పుకునేవారు. రెండేళ్ళుగా దానికి ఉన్న రోగం ఒక్కటే. నూనె కారేది.

ఒకప్పటి గుర్రపుసాలే ఇప్పుడు ఆ కారుకు కొట్టం. దాని గుమ్మంలో కౌంటీ పోలీసు సూపరింటెండెంటు రోలాండ్ బ్రైస్ నిలబడి ఉన్నాడు. ఆయన బూట్లలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఆయన అదే పని రోజూ చేస్తాడేమోనని ఓట్‌వేకు పాత అనుమానం. పదేళ్ళ నాడు ఇద్దరూ ఒకే స్టేషనులో పనిచేశారు. అప్పటి నుంచీ ఒకరి విజయం మరొకరికి పంటినొప్పి.

“వచ్చావా ఓట్‌వే. పాపం, రైలు టిక్కెట్టు దండగైంది. హంతకుడు నా బండిలో కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నా.”

“సంతోషమండీ.”

“అభినందనలు చెప్పవా?”

“ఉరితీశాక చెబుతా లెండి. ముందే చెబితే దిష్టి తగులుతుంది.”

బ్రైస్ ఆ మాటను ఈగను తోలినట్టు తోలి, తన కేసును వివరించాడు. హంతకుడు విల్ఫ్ టాండీ. ఊరి చివర కార్ల షెడ్డు వాడిది. ఈ నూనె కారడం ఆపుతానని మూడుసార్లు మరమ్మతు చేసి, మూడుసార్లూ ఓడిపోయి, సర్ ఆబరన్ చేత నలుగురిలో తిట్లు తిన్నాడు. శుక్రవారం పబ్బులో గ్లాసు బల్లమీద కొట్టి, ‘ఆయన గనక ఆ బండి కింద పడుకుంటే జాకీ నేనే లాగేస్తా’ అన్నాడు. పబ్బు పబ్బంతా విన్నది. కొట్టంలో పడి ఉన్న జాకీ కూడా వాడిదే.

“ఆదివారం పొద్దున ఇంజను చప్పుడు ఊరంతా విన్నది,” అన్నాడు బ్రైస్. “సర్ ఆబరన్ కారు తిప్పుకొచ్చాడు. లీకు చూద్దామని కింద దూరాడు. ఆ సమయానికి టాండీ వచ్చాడు. ఇంకేం కావాలి నీకు?”

“ఆయన కాలికేమున్నాయండీ, దొరికినప్పుడు?”

“ఎడమకాలికి బూటు. కుడికాలికి మెత్తటి ఉన్ని చెప్పు. గౌటు వాతం. ఎందుకు?”

“ఏం లేదు. పెద్దవాళ్ళ పాదాల గురించి తెలుసుకుంటే పుణ్యం.”

*

టాండీ పోలీసు బండి వెనకసీటులో సంకెళ్ళతో కూర్చుని ఉన్నాడు. పొట్టివాడు, ఎర్రటివాడు, ఓటమిని నోటితో కప్పుకునే రకం.

“ఇంజన్లు నాతో మాట్టాడతాయి దొరా,” అన్నాడు, ఎవరూ అడగకముందే. “ఈ చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో నా అంతవాడు లేడు.”

“ఈ ఇంజను రెండేళ్ళుగా నీతో ముభావంగా ఉన్నట్టుంది.”

“అది దెయ్యం పట్టిన బండి దొరా. కిందున్న ఆయిల్ చాంబర్ విప్పా, గాస్కెట్ మార్చా, కొత్త ఆయిల్ కొలిచి పోశా. వారం రోజులు చుక్క కారదు. తర్వాత మళ్ళీ మొదలు. మూడుసార్లూ ఇంతే. మూడోసారి పెద్దదొర నన్ను చర్చి ముందు నిలబెట్టాడు. జనమంతా ఉన్నారు, పాదిరిగారున్నారు. కింద కారిన నూనె వేలితో తీసి, బూడిద బుధవారంనాడు పాదిరి పెడతాడు చూడండి, అట్టా నా నుదుట బొట్టు పెట్టాడు. ‘మట్టిలో పుట్టావు, నూనెలో పోతావు’ అన్నాడు. జనం నవ్వారు. పాదిరిగారు కూడా.”

“నువ్వు?”

“నేనూ నవ్వా. ఏం జెయ్యను?”

శనివారం టాండీ ఆఖరి అస్త్రం ప్రయోగించాడు. ఇంజనంతా కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, మీద సుద్దపొడి చల్లాడు. కారును ఓసారి తిప్పుకొస్తే తెల్లటి పొడి మీద నల్లటి దారి పడుతుంది. ఆ దారి ఎక్కడ మొదలైతే రోగం అక్కడ. లోపలి నూనె మాత్రం ముట్టుకోలేదు. తన కళ్ళతో చూస్తే తప్ప నమ్మనని సర్ ఆబరన్ అంటే, జాకీ అక్కడే వదిలి వెళ్ళాడు.

“ఆదివారం పొద్దున ఎక్కడున్నావు?”

“ఇంట్లో నిద్రపోతున్నా.”

“ఎవరైనా చూశారా?”

“పిల్లి చూసింది.” టాండీ నోరు మొదటిసారి తడబడింది. “దొరా, ఒక సంగతడుగుతా. నిన్న సాయంత్రం ఆ సూపర్నెంటుగారు నన్ను త్రాసు ఎక్కించారు. దొంగల్ని ఎక్కించరు, తాగుబోతుల్ని ఎక్కించరు. నన్నెందుకు తూచారు?”

మనిషి బరువును బట్టి ఉరితాడు పొడవు లెక్కగడతారని ఓట్‌వేకు తెలుసు. శిక్ష పడ్డాక జైలువాళ్ళు చేసే ఆ పనిని విచారణ కూడా మొదలవకముందే చేయించడం బ్రైస్ సరదా అనీ తెలుసు.

“సూపరింటెండెంటుగారికి ముందుచూపు ఎక్కువ,” అన్నాడు ఆయన.

టాండీకి అర్థమైంది. వాడి ఎర్రటి ముఖం సుద్దపొడి రంగుకు తిరగడం చూసి, అబద్ధమే చెప్పవలసిందేమోనని ఓట్‌వే అనుకున్నాడు. అయితే ఆలోచన ఆలస్యంగా రావడం ఆయన దయాగుణానికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

*

కొట్టం నేల నల్లరాయి, తెల్లరాయి గళ్ళతో చదరంగపు బల్లలా ఉంది. గుర్రాలు తమ హోదా మరిచిపోకూడదని సర్ ఆబరన్ తాతగారు పాలరాయి పరిపించారట. తెల్లగడుల మీద నూనె మరక ఎంత చిన్నదైనా దాగదు. దూలానికి కొట్టిన మేకుకు నల్లబడ్డ పట్టు చేతిరుమాళ్ళు దొంతరగా వేలాడుతున్నాయి. ప్రతిదాని మూలా ఎ.త్రి. అని పొడి అక్షరాలు కుట్టి ఉన్నాయి.

శవాన్ని లాగేందుకు కాసేపు ఎత్తడం తప్ప కారును ఎవరూ కదపలేదు. ఎడమవైపు బానెట్ తెరిచే ఉంది. లోపల ఇంజను పిండిబొమ్మలా తెల్లగా ఉంది. టాండీ పద్ధతిలో తప్పులేదు. ఇంజనూ గేరుపెట్టె కలిసే అతుకు దగ్గర మొదలై, సన్నటి నల్లటి గీత ఒకటి కిందికి దిగింది. సుద్ద చల్లాక ఎవరో కారు నడిపారనడానికి అదే సాక్ష్యం.

ఓట్‌వే నూనె చూసే గేజి కడ్డీని లాగి, తుడిచి, మళ్ళీ దించి తీశాడు. రాత్రంతా కదలని ఇంజను. కడ్డీ మీద రెండు గీతలున్నాయి, నూనె పై గీత దాటకూడదు. తడి ఆ పై గీతను దాటి వేలెడు ఎత్తున ఉంది. రెండేళ్ళుగా నూనె కారుతున్న కారులో నూనె తక్కువ ఉండటం న్యాయం. ఎక్కువ ఉండటం విడ్డూరం. ఆయన కడ్డీని యథాస్థానంలో పెట్టి, గోడకున్న అరమీది పొడుగుముక్కు నూనెడబ్బాను కదపకుండా వంగి చూశాడు. ఇత్తడి పిడి మీద సుద్ద అంటింది. వేలిముద్రలు లేవు. దారపు అల్లిక గుర్తు మాత్రం అచ్చుగుద్దినట్టుంది. చేతితొడుగు వేసుకుని ఎవరో దాన్ని పట్టుకున్నారు.

“ఇంజను డాక్టరువి ఎప్పుడయ్యావు?” అన్నాడు బ్రైస్ వెనకనుంచి.

“యుద్ధంలో మోటారుదళం వర్క్‌షాపులో మూడేళ్ళు ఇంజన్లు కడిగానండీ. సర్ ఆబరన్ పంట్లాం ఒకసారి ఇప్పిస్తారా?”

“పంట్లామా?”

“పంట్లామే.”

“అది నా సాక్ష్యం. సీలు వేశాను.”

“మీ సాక్ష్యాన్ని నేను తొడుక్కోనండీ. చూసి ఇచ్చేస్తాను.”

“ఓట్‌వే, ఇది నా కౌంటీ. నా శవం. నా ఖైదీ. లండన్ నుంచి వచ్చి పెద్దమనుషుల పంట్లాలు పరీక్షించే అధికారం నీకెవరిచ్చారు?”

“మీ పై అధికారే. మీ మీద ఆయనకున్న నమ్మకం కొద్దీ నన్ను పిలిపించారు.”

పంట్లాం వచ్చింది. రాజ్యసంధి పత్రంలా దాన్ని ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో కాలు పట్టుకుని వెలుతురులో విప్పారు. గోధుమరంగు ఉన్నిగుడ్డ. మోకాళ్ళ దాకా పిండిజల్లెడ కింద పెట్టినట్టు సుద్దపొడి పడి ఉంది. ఎడమ మోకాలి మీద మూడు చిన్న గుండ్రటి మరకలు.

“కారు దభీమని పడినప్పుడు ఇంజను అదిరి సుద్ద రాలింది,” అన్నాడు ఓట్‌వే. “అంతవరకూ ఒప్పుకుంటారా?”

“చిన్నపిల్లాడు కూడా ఒప్పుకుంటాడు.”

“అయితే మీరూ ఒప్పుకున్నట్టే. ఇప్పుడీ మరకలు చూడండి. సుద్ద మీద నూనె పడింది గాని, నూనె మీద సుద్ద పడలేదు. అంటే కారు పడ్డ తర్వాత పడ్డ చుక్కలు. ఇంజనులోంచి కారేది నల్లటి నూనె. ఇది తేనెరంగు. డబ్బాలోంచి వచ్చిన కొత్త నూనె. కారు కింద ఆయన నలిగిపోయి ఉండగా, ఆయన మోకాళ్ళ మీదుగా వంగి ఎవరో ఇంజనులో నూనె పోశారు.”

బ్రైస్ కాసేపు పంట్లాంకేసి, పంట్లాం బ్రైస్‌కేసి చూసుకున్నాయి.

“టాండీయే పోసి ఉంటాడు.”

“మనిషిని చంపి, ఆపైన వాడి బండికి నూనె పోసి, బిల్లు వేయకుండా వెళ్ళిపోయే మెకానిక్కును ఇంగ్లండులో ఎక్కడైనా చూశారా మీరు?”

“మరెవడు పోస్తాడయ్యా, అలాంటి సమయంలో?”

“అది ఎలాంటి సమయమో పట్టించుకోనివాడు. సర్ ఆబరన్ తమ్ముడుగారిని పిలవండి. ఈ పంట్లాం మాత్రం దాచేయండి, ఆయన చూస్తే మనసు కష్టపెట్టుకుంటారు.”

*

ఎవరార్డ్ త్రిప్‌కు యాభై ఏళ్ళు. ఇంటిపేరు, ముక్కు తప్ప వారసత్వంగా ఏమీ దక్కని చిన్నకొడుకు. అన్నగారి అన్నం తిని, అన్నగారి కారు నడిపి, అన్నగారు వదిలేసిన కోట్లు తొడిగే మనిషి. వచ్చీరాగానే అందరికీ నమస్కరించి, కూర్చోవడానికి కుర్చీలు లేనందుకు క్షమాపణ చెప్పాడు. ఆయన పంట్లాం ఇస్త్రీ చెక్కుచెదరలేదు. మోకాళ్ళు మాత్రం అరిగి మెరుస్తున్నాయి. అలాంటి మోకాళ్ళు మహాభక్తులకుంటాయి, నేల తుడిచే పనివాళ్ళకుంటాయి. ఎవరార్డ్ భక్తుడన్న మాట ఓట్‌వే ఎక్కడా వినలేదు.

“శవాన్ని మొదట చూసింది మీరేనట.”

“అవునండీ. చర్చి నుంచి వచ్చాక. నిన్న బైబిలు పాఠం చదివే వంతు నాది.”

“గొంతు వణకలేదని పాదిరిగారు మెచ్చుకున్నారట.”

“ఆయన దయ.”

“నిన్న పొద్దున కారు తీశారా?”

“లేదండీ. శనివారం టాండీ వెళ్ళినప్పటి నుంచీ నేను దాన్ని తాకలేదు. చర్చికి నడిచే వెళ్ళాను.”

“మీ అన్నగారు నడిపి ఉంటారా?”

“నడిపే ఉంటారు.”

“కాలికి ఉన్ని చెప్పుతో?”

“అన్నయ్య తలుచుకుంటే ఏదైనా చేసేవారు,” అన్నాడు ఎవరార్డ్. ఓట్‌వే ఆ జవాబును మెచ్చుకుంటున్నట్టు తలూపి, మేకుకున్న చేతిరుమాళ్ళు చూపించాడు.

“ఇవి మీవేనా?”

“నావే. నేను బండిని మొరటుగా నడపడం వల్లే నూనె కారుతోందని అన్నయ్య అభిప్రాయం. అందుకని మరక నేనే తుడవాలన్నారు. రోజూ పొద్దున, టిఫినుకు ముందు.”

“గుడ్డపేలికలు లేవా ఇంట్లో?”

“ఉన్నాయండీ. పేలికతో తుడిస్తే నాకు బుద్ధిరాదని ఆయన ఉద్దేశం. మా అమ్మ కుట్టిచ్చిన రుమాళ్ళు ఇవి.”

“మీరు తుడుస్తున్నంతసేపూ ఆయన ఏం చేసేవారు?”

“గుడ్డు తినేవారు.”

బ్రైస్ దగ్గాడు.

“ఉడికించిన గుడ్డు,” అన్నాడు ఎవరార్డ్ వివరంగా, పోలీసులకు సమాచారం తక్కువ కాకూడదన్నట్టు. “ఇదిగో, ఇక్కడే నిలబడి. గిన్నె ఒక చేతిలో, చెంచా ఒక చేతిలో. ‘అక్కడ మిగిలింది ఎవరార్డ్, ఇక్కడ మిగిలింది ఎవరార్డ్’ అని చెంచాతో చూపించేవారు. అతిథులుంటే వాళ్ళనూ పిలిచేవారు. ఆయనకు గుడ్డు నెమ్మదిగా తినడం అలవాటు.”

ఓట్‌వేకు ఆ మనిషి మీద జాలి కలిగింది. జాలి కలిగిన చోట ఆయన పని మరింత చురుగ్గా సాగుతుందని పాతనేరస్థులు చెప్పుకుంటారు.

“ఎవరార్డ్ గారూ, నాకొక సాయం చేయాలి. ఈ ఇంజను నడుస్తుంటే వినాలి. నాకు మరమ్మతు వచ్చుగాని ఇలాంటి గుర్రాన్ని తోలడం రాదు. ఒకసారి పార్కు చుట్టూ తిప్పుతారా?”

ఎవరార్డ్ కళ్ళలో మొదటిసారి ఏదో వెలిగింది. జేబులోంచి దారపు అల్లిక చేతితొడుగులు తీసి, వేలు వేలునా సర్దుకుంటూ తొడుక్కున్నాడు. ఓట్‌వే బ్రైస్ దగ్గరికి వెళ్ళి, నేలమీద ఎండిన నెత్తుటి మరక చూపించి, చెవిలో అన్నాడు. “మేం తిరిగొచ్చేటప్పటికి మీరు సరిగ్గా ఇక్కడ, ఎడమ చక్రం పక్కన నిలబడాలి. కదలకండి. మాట్లాడకండి.”

“మేజిస్ట్రేటు...”

“నేను తప్పయితే మధ్యాహ్నం రైలెక్కుతా. మీ కౌంటీ పొలిమేరలో మళ్ళీ కాలు పెట్టను.”

ఆ ఆశ బ్రైస్‌ను స్తంభంలా నిలబెట్టింది.

ఎవరార్డ్ కారు నడిపిన తీరు చూసి ఓట్‌వే సీటు అంచు మీది పట్టు వదిలేశాడు. మలుపుల్లో ఆ పొడుగాటి ముక్కు నీళ్ళలో పడవలా తిరిగింది. గేరు మారినట్టు చెవికి తెలిసిందే గాని ఒంటికి తెలియలేదు. ఈ మనిషి మొరటుగా నడుపుతాడని అన్నవాడు గుడ్డివాడైనా అయి ఉండాలి, అన్న అయినా అయి ఉండాలి. ఎవరార్డ్ పార్కు చుట్టూ తిరిగి, కొట్టంలోకి వచ్చి, తెల్లగడి మీద చక్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా ఆపి, ఇంజను కట్టేశాడు.

ఓట్‌వే సీటులోంచి కదలలేదు. ఎవరార్డ్ దిగాడు. అక్కడ ఇద్దరు పోలీసు అధికారులున్నారనీ, నిన్న తనవాళ్ళలో ఒకరు అక్కడ చచ్చిపోయారనీ ఆయనకు గుర్తున్నట్టు లేదు. నిద్రలో నడిచేవాడిలా ఎడమవైపుకు వెళ్ళాడు, బానెట్ ఎత్తాడు. తొడుగు చేతితోనే గేజి కడ్డీ లాగాడు, మేకుకున్న రుమాలుతో తుడిచి, దించి, తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. తక్కువగా ఉన్నట్టుంది, నాలుక చప్పరించాడు. అరమీది డబ్బా అందుకున్నాడు. దారిలో బ్రైస్ నిలబడి ఉంటే, “క్షమించండి,” అని మర్యాదగా అంటూ ఆయన మీదుగా వంగి పోయడం మొదలుపెట్టాడు. డబ్బా పైకెత్తేటప్పుడు పొడుగు ముక్కు చివరినుంచి తేనెరంగు చుక్కలు మూడు జారాయి.

అవి బ్రైస్ బూటు మీద పడ్డాయి.

ఎవరార్డ్ డబ్బాను అరమీద పెట్టి, అప్పుడు చేతితొడుగులు విప్పడం మొదలుపెట్టాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు. మధ్యవేలు దగ్గర చేయి ఆగింది. బ్రైస్ తన బూటుకేసి చూస్తున్నాడు. ఎవరార్డ్ కూడా ఆ బూటుకేసే చూశాడు.

“నిన్న అక్కడ బూటు లేదు,” అన్నాడు ఓట్‌వే సీటులోంచే. “మోకాలు ఉంది.”

ఎవరార్డ్ తొడుగు పూర్తిగా విప్పి, దానికి జత చేర్చి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాన్నగారి నియమం,” అన్నాడు. “బండి దిగాక, చేతితొడుగులు విప్పక ముందే నూనె చూడాలి, తగ్గితే నింపాలి. పెద్దమనిషి లక్షణం అదేనని. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకసారి మరిచిపోయాను. ఇంకెప్పుడూ మరిచిపోకుండా కొట్టారు.”

“నిన్న పొద్దున?”

“అన్నయ్య నన్నే నడపమన్నారు. తిరిగొచ్చాక జాకీతో ముందుభాగం ఎత్తించి, తనే కింద దూరారు. నల్లదారి కనబడింది ఎవరార్డ్, అన్నారు. వెనక అతుకు దగ్గరే ఉంది, నీ తొక్కుడు వల్లే, ఇక నువ్వు చచ్చేదాకా తుడవాలి అన్నారు. అలాగే అన్నయ్యా, అన్నాను. జాకీ మీట నా చేతికి దగ్గరగా ఉంది.”

“తర్వాత?”

“తర్వాత నూనె చూశాను. తక్కువగా ఉంది.”

బ్రైస్ నెత్తుటి మరకకు దూరంగా జరిగాడు. “అప్పటికి మీ అన్నగారు పోయారా?”

“లేదండీ. ఏదో చెప్పబోతున్నారు. సరిగా వినబడలేదు.” ఎవరార్డ్ నిజాయితీగా గుర్తుచేసుకున్నాడు. “నూనె పోసేటప్పుడు చేయి కదిలితే ఒలుకుతుంది కదా. అయినా కాస్త ఒలికినట్టుంది. క్షమించాలి.”

*

టాండీ సంకెళ్ళు ఊడాయి. బతికిపోయినవాడు ఏమంటాడో విందామని కానిస్టేబుళ్ళు చెవులు రిక్కించారు. “నా జాకీ ఎప్పుడిస్తారు?” అన్నాడు వాడు. అది హత్యాయుధం కనుక ఇక రాదని తెలిశాక, ఉరి తప్పిన ఆనందం వాడి ముఖంలో సగమైంది. బ్రైస్ బూటు తుడుచుకుని, త్రిప్ కుటుంబం మీద తనకు మొదటినుంచీ అనుమానమేనని కానిస్టేబులు చేత రాయించుకుంటున్నాడు.

అతిథులు వచ్చి ఇంతసేపైనా ఏమీ ఇవ్వలేదని ఎవరార్డ్ బాధపడ్డాడు. హాలు లోపలికి కబురుపెట్టి టీ తెప్పించాడు. ఒక చేతికి సంకెల ఉన్నా రెండో చేత్తో తానే వంచాడు. ఒక్క చుక్క ఒలకలేదు. అందరూ ఆ చదరంగపు నేల మీద నిలబడే తాగారు.

“ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాడు ఎవరార్డ్ కప్పు దించి, “మరమ్మతు తెలిసినవారు కదా. ఒక్క సంగతి అడగాలని ఉంది. ఇంతకీ లీకు ఎక్కడ? టాండీకి దొరకలేదు. నాకూ దొరకలేదు. అది తెలియకుండా పోవడం అంటే...” మిగతాది మర్యాద కొద్దీ మింగాడు.

చెప్పకుండా వదిలేయడం దయ అని ఓట్‌వేకు తెలుసు. ఆయన దయ మామూలుగానే ఆలస్యంగా బయల్దేరింది. అది చేరేలోపల ఆయన వెళ్ళి గేజి కడ్డీ లాగి, తుడిచి, దించి, తీసి ఎవరార్డ్ ముందు పట్టుకున్నాడు. ఇందాక తక్కువ చూపించిన కడ్డీయే. ఇప్పుడు తడి పై గీతకు రెండు వేళ్ళ ఎత్తున ఉంది.

“లీకు లేదండీ. నూనె ఎక్కువైతే ఏ ఇంజనైనా ఆ వెనక అతుకు దగ్గర కక్కేస్తుంది. టాండీ కొలిచి పోసిన ప్రతిసారీ వారం రోజులు కారలేదంటే అందుకే. ఆ వారంలో మీరు మళ్ళీ నింపేసేవారు.”

“తక్కువగా ఉంటేనే పోశాను. ప్రతిసారీ చూసే పోశాను.”

“ఇంజను కట్టేసిన వెంటనే నూనె సగం పైనే అంటుకుని ఉంటుంది. కడ్డీకి అందదు. నూనె కిందికే కారుతుంది ఎవరార్డ్ గారూ, కానీ దిగడానికి కాస్త సమయం పడుతుంది.”

ఎవరార్డ్ మేకుకున్న రుమాళ్ళకేసి చూశాడు, తెల్లగడులకేసి చూశాడు, తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు.

“ఎంతసేపు?” అన్నాడు.

ఓట్‌వే ఎవరార్డ్ చేతిలోని ఖాళీ కప్పుకేసి చూశాడు.

“ఒక టీ తాగేంత.”